కంట్లో లెన్స్ కనబడటం లేదు, వెనక్కి వెళ్లిపోయిందా?

ప్రశ్న: ఎనిమిది నెలలుగా నెలవారీ సాఫ్ట్ లెన్స్‌లు వాడుతున్నాను. మొన్న రాత్రి ఆలస్యంగా పని ముగించి లెన్స్‌లతోనే నిద్రపోయాను. పొద్దున లేచాక కుడికంటి లెన్స్ కష్టంగానైనా వచ్చింది, ఎడమకంటిది రాలేదు. రెండు మూడుసార్లు గట్టిగా పట్టి లాగాను, కన్ను నలిపాను, కుళాయి నీళ్లు కొట్టాను. ఆ తర్వాత లెన్స్ అసలు కనబడలేదు. నిన్నటి నుంచి కన్ను ఎర్రగా ఉంది, లోపల ఏదో గుచ్చుకుంటోంది. లెన్స్ కన్ను వెనక్కి వెళ్లిపోయిందా? నేనే తీసుకోవచ్చా, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా? కుడికంటి లెన్స్‌కి ఇంకా పదిహేను రోజుల గడువు ఉంది, దాన్ని వాడుకోవచ్చా?

జవాబు: ముందు మీ సంగతి. కన్ను ఎర్రబడి, గుచ్చుకోవడం మొదలై ఒక రోజు గడిచింది. లెన్స్‌తో నిద్రపోయారు, ఆరిపోయిన లెన్స్‌ని లాగారు, నలిపారు, పైన కుళాయి నీళ్లు కొట్టారు. ఇవన్నీ ఒకే కంటికి జరిగాక ఇంకా అద్దం ముందు నిలబడి వెతకడంలో అర్థం లేదు. ఈ రోజే కంటి డాక్టర్‌కి చూపించుకోండి, రేపటికి వాయిదా వేయకండి. కళ్లజోడు పెట్టుకుని వెళ్లండి. కుడికంటి లెన్స్, లెన్స్ కేస్, సొల్యూషన్ సీసా, వీలైతే లెన్స్ వచ్చిన పెట్టె కూడా వెంట తీసుకెళ్లండి. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే కేస్ నుంచి, లెన్స్ మీద నుంచి నమూనా తీసి పరీక్షకు పంపుతారు. కాబట్టి కేస్‌ని ఇప్పుడు కడిగి శుభ్రం చేయకండి.

ఇక మీ భయానికి సమాధానం: వెళ్లదు. వెళ్లడానికి దారి లేదు. తెల్లగుడ్డును కప్పి ఉంచే పలుచటి పొర ఒకటుంది, దాన్ని కంజక్టివా అంటారు. అది తెల్లగుడ్డు మీదుగా వెనక్కి కొంత దూరం పోయి, అక్కడ మడత పడి, రెప్ప లోపలి వైపుకు అతుక్కుని మళ్లీ రెప్ప అంచు దాకా వస్తుంది. అడుగు కుట్టేసిన చొక్కా జేబు ఎలాగో ఇదీ అంతే. ఎంత లోపలికి జారినా లెన్స్ ఆ మడత దగ్గర ఆగాల్సిందే. కింది రెప్ప వెనక ఈ జేబు లోతు తక్కువ, అద్దంలో చూస్తే అడుగు కనిపిస్తుంది. పై రెప్ప వెనక మాత్రం బాగా లోతు, మామూలుగా రెప్ప ఎత్తితే అడుగు కనబడదు. కనబడకుండా పోయిన లెన్స్‌లు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

వెనక్కి పోదు కదా అని వదిలేయకూడదు కూడా. 2017లో బ్రిటన్‌లో శుక్లం ఆపరేషన్‌కి వచ్చిన 67 ఏళ్ల మహిళ పై రెప్ప కింద 17 లెన్స్‌లు ఒకే ముద్దగా బయటపడ్డాయి, ఆ తర్వాత పరీక్షిస్తే ఇంకో 10 దొరికాయి. ముప్పై అయిదేళ్లుగా నెలవారీ లెన్స్‌లు వాడుతున్న ఆమె, కళ్లలో అసౌకర్యం వయసు వల్ల, పొడిబారడం వల్ల అనుకుంది. 2018లో ఇంకో కేసు వెలుగులోకి వచ్చింది. 42 ఏళ్ల మహిళ పై రెప్పలో గడ్డ ఉందని ఆపరేషన్ చేస్తే అందులో ఒక గట్టి లెన్స్ ఉంది. చిన్నప్పుడు బ్యాడ్మింటన్ ఆడుతుంటే షటిల్ కంటికి తగిలింది, లెన్స్ ఎక్కడో పడిపోయిందనుకున్నారు. అది రెప్పలోకే దిగి 28 ఏళ్లు ఉండిపోయింది. ఇవి చాలా అరుదైనవి. అయినా రెండింటిలోనూ గమనించాల్సిన సంగతి ఒకటే: లెన్స్ పడిపోయిందని తేల్చుకోకుండా ‘పడిపోయి ఉంటుందిలే’ అని ఊరుకోవడం.

వేలు పెట్టే ముందు, లెన్స్ ఎక్కడుందో తేల్చుకోండి

ఇలాంటి సందర్భాల్లో కంటికి జరిగే నష్టం లెన్స్ వల్ల జరిగేదాని కన్నా వేలి వల్ల జరిగేదే ఎక్కువ. లెన్స్ ఎప్పుడో పక్కకు జారిపోయి ఉంటుంది, లేదా పడిపోయి ఉంటుంది. మనిషి మాత్రం అది నల్లగుడ్డు మీదే ఉందనుకుని ఖాళీ కార్నియాను, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శక పొరను, గిల్లి లాగుతుంటారు. కార్నియా పైపొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. గోరు తగిలితే లేచిపోతుంది. లేచిపోతే గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటోంది కాబట్టి లెన్స్ ఇంకా లోపలే ఉందని మళ్లీ గిల్లుతారు. మీ ఉత్తరం చదివితే మీకూ ఇదే జరిగి ఉండవచ్చు అనిపిస్తోంది. గుచ్చుకోవడం లెన్స్ ఉందనడానికి రుజువు కాదు. గీత పడ్డ కన్ను కూడా అచ్చం అలాగే, లోపల నలుసు ఉన్నట్టే బాధిస్తుంది.

అందుకని మొదటి పరీక్షకు వేళ్లతో పని లేదు. బాగున్న కన్ను మూసి, అనుమానం ఉన్న కంటితో దూరంగా ఉన్న అక్షరాలు చూడండి. లెన్స్ పెట్టుకున్నప్పటిలాగే స్పష్టంగా కనిపిస్తే లెన్స్ నల్లగుడ్డు మీదే ఉంది. కళ్లజోడు తీసేసినప్పుడు కనిపించేంత మసకగా ఉంటే లెన్స్ అక్కడ లేదు. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని చూడండి. ఎప్పటిలా స్పష్టంగా ఉంటే కార్నియా మీద లెన్స్ లేదన్నది ఖాయం. కళ్లజోడు పెట్టుకున్నా మసకగానే ఉంటే రెండు అవకాశాలు: లెన్స్ సగం పక్కకు జరిగి ఉండాలి, లేదా కార్నియా దెబ్బతిని ఉండాలి. రెండోదైతే ఇంట్లో చేయాల్సింది ఏమీ లేదు. పవర్ చాలా తక్కువగా ఉన్నవాళ్లకు ఈ పరీక్ష అంత గట్టిగా తేల్చదు. వాళ్లు మంచి వెలుతురులో పక్క నుంచి చూడాలి. సాఫ్ట్ లెన్స్ వ్యాసం దాదాపు 14 మిల్లీమీటర్లు, నల్లగుడ్డు 12 లోపే. అంటే లెన్స్ తన చోట ఉంటే నల్లగుడ్డు చుట్టూ తెల్లగుడ్డు మీద ఒక సన్నని వలయం కనిపించాలి. చాలా లెన్స్‌లకు పట్టుకోవడానికి వీలుగా లేత నీలం రంగు వేస్తారు, ఆ అంచును పట్టించేది అదే.

నల్లగుడ్డు మీద లేదని తేలాక కంట్లో వెతకడం కన్నా ముందు బయట చూడండి. బుగ్గ మీద, కనురెప్పల వెంట్రుకల్లో, చొక్కా ముందు భాగంలో, దిండు మీద, తువ్వాలులో, వాష్‌బేసిన్ అంచున. పడి పది నిమిషాలు దాటితే లెన్స్ ఎండి, ముడుచుకుని, గాజుపెంకులా గట్టిపడి ఉంటుంది. మెత్తటి లెన్స్ కోసం వెతికే కన్ను దాన్ని దాటేసి పోతుంది. లెన్స్ కేస్‌లో రెండు గదులూ తెరిచి చూడండి, ఒకే గదిలో రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉండటం మామూలే. రెండో కంట్లో కూడా చూడాలి. పొద్దున తొందరలో ఒకే కంట్లో రెండు లెన్స్‌లు పెట్టుకున్నవాళ్లు లేకపోలేదు.

నల్లగుడ్డు మీదే ఉండి కదలకపోతే

సబ్బుతో చేతులు కడుక్కుని, నూగు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోండి. సబ్బు లోషన్ లేనిదైతే మంచిది, ఎందుకంటే జిడ్డు వేళ్లకు లెన్స్ చిక్కదు. తడి వేళ్లకు కూడా చిక్కదు. గోళ్లు పొడుగ్గా ఉంటే ముందు వాటిని కత్తిరించుకోవాలి.

రాత్రంతా కళ్లు మూసుకుని ఉన్నప్పుడు లెన్స్ కింద కన్నీరు కదలదు, పలచబడిపోతుంది. లెన్స్ కూడా కొంత నీరు కోల్పోయి బిగుసుకుని కార్నియాను పట్టేస్తుంది. మధ్యలో కన్నీరు లేని లెన్స్‌ని లాగితే అది తనతో పాటు పైపొరను కూడా తెచ్చుకుంటుంది. కాబట్టి ఈ దశలో చేయాల్సింది లాగడం కాదు, తడపడం. లెన్స్‌లతో వాడదగిన రీవెట్టింగ్ (మళ్లీ తడిపే) చుక్కలు, ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, సీలు తీసిన వెంటనే వాడుతున్న స్టెరైల్ సెలైన్ (సూక్ష్మజీవులు లేని ఉప్పునీరు), వీటిలో ఏదున్నా సరే. రెండు మూడు చుక్కలు వేసి కళ్లు మూసుకోండి. మూసిన రెప్పల కింద కనుగుడ్డును మెల్లగా అటూ ఇటూ తిప్పండి. రెండు నిమిషాలకు ఒకసారి మళ్లీ చుక్కలు వేసి, నిండుగా రెప్పలార్పండి. ఇలా పది పదిహేను నిమిషాలు. ఇక్కడే చాలామందికి ఓపిక నశిస్తుంది. రెండు చుక్కలు వేసి అర నిమిషం ఆగి లాగేస్తారు.

లెన్స్ వదిలిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన గుర్తు ఉంది. అద్దంలో చూస్తూ పైకి చూడండి, రెప్పార్పండి. లెన్స్ అంచు ఒక్క మిల్లీమీటరైనా జారి మళ్లీ తన చోటికి వస్తే అది వదులైనట్టే. ఏమీ కదలకపోతే ఇంకో పదిహేను నిమిషాలు తడపాలి. వదిలాక పైకి చూస్తూ, ఎడమచేతి మధ్యవేలితో పై రెప్పను, కుడిచేతి మధ్యవేలితో కింది రెప్పను ఆపి పట్టుకోండి. చూపుడువేలి మెత్తటి భాగాన్ని లెన్స్ కింది అంచు మీద ఆనించి తెల్లగుడ్డు మీదకు జార్చండి. అక్కడికి వచ్చాకే చూపుడువేలు, బొటనవేలు దగ్గరకు తెస్తే లెన్స్ మడత పడి వచ్చేస్తుంది. నల్లగుడ్డు మీద ఉండగానే గిల్లి తీసే అలవాటు చాలామందికి ఉంటుంది. లెన్స్ వదులుగా ఉన్న రోజుల్లో అది చెల్లుతుంది, ఇలాంటి రోజున మాత్రం ప్రమాదం.

అరగంట, ముప్పావుగంట తడిపినా కదలని లెన్స్‌ని వదిలేయండి. డాక్టర్ తీస్తారు.

కుళాయి నీళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరికీ మొదట తోచేది అదే. కన్నీటిలో ఉప్పు శాతం దాదాపు 0.9 శాతం సెలైన్‌తో సమానం. మంచినీళ్లలో అంత ఉప్పు ఉండదు. తక్కువ ఉప్పున్న నీరు తగిలితే సాఫ్ట్ లెన్స్ వదులు కావడం పోయి కార్నియాకు ఇంకా గట్టిగా అంటుకుంటుంది. ఈత కొట్టి వచ్చాక లెన్స్ వెంటనే రాకపోవడానికీ కారణం ఇదే. రెండో సంగతి ఇంకా పెద్దది. నీటిలో, మట్టిలో అకాంథమీబా అనే సూక్ష్మజీవి ఉంటుంది. గట్టి పొర చుట్టుకుని గుల్లలా ఉండే దశలో అది నీళ్లకు కలిపే మామూలు క్లోరిన్‌కు చావదు. కార్నియా మీద గీత పడి ఉండి, పైన లెన్స్ కూడా ఉంటే అది లోపలికి దిగడానికి వీలు దొరుకుతుంది. దాని చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఇంట్లో ఉప్పు నీళ్లు కాచుకుని చల్లార్చి వాడదామన్న ఆలోచన కూడా వద్దు. 1980లలో అమెరికాలో ఈ ఇన్ఫెక్షన్ కేసులు పెరిగినప్పుడు, ఉప్పు బిళ్లలు కలిపి ఇంట్లో చేసుకున్న సెలైన్ ఒక ముఖ్య కారణంగా తేలింది. మీరు నీళ్లు కొట్టిన సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి.

ఒక్క సందర్భంలో మాత్రం కుళాయి నీళ్లే సరైనవి. కంట్లో రసాయనం పడితే లెన్స్ ఉందా లేదా అని చూడకుండా వెంటనే నీళ్లతో ధారగా కడగాలి.

పక్కకు జారి, రెప్ప కింద ఉంటే

ఇక్కడ నియమం సులువు. లెన్స్ ఎటు ఉందనుకుంటున్నారో దానికి ఎదురు దిక్కుకు చూడాలి. పై రెప్ప కింద ఉందనుకుంటే గడ్డం పైకెత్తి, చూపు కిందికి దించి, పై రెప్పను కనుబొమ ఎముక వైపు ఎత్తి పట్టుకోండి. ముక్కు వైపు మూలలో అనుమానం ఉంటే చెవి వైపు చూడాలి. పక్క నుంచి టార్చి వేసి పట్టుకునే మనిషి ఒకరుంటే పని సగం తేలికవుతుంది. సెల్‌ఫోన్ లైట్ చాలు, కాకపోతే నేరుగా కంట్లోకి కాకుండా చెంప వైపు నుంచి వేయాలి.

అద్దంలో కనిపించేది మీరు అనుకున్న గుండ్రటి లెన్స్ కాకపోవచ్చు. పై రెప్ప కిందకు వెళ్లిన సాఫ్ట్ లెన్స్ చాలాసార్లు సగానికి మడతపడి, చుట్టుకుని, సన్నని తడి తాడులా లేదా చిన్న ముద్దలా ఉంటుంది. దాన్ని పుసి అనుకుని పొరబడే అవకాశం ఉంది.

కనబడకపోతే దాన్ని కిందికి రప్పించాలి. కంటి నిండా సెలైన్ వేసి, కన్ను మూసి, మూసిన రెప్ప కింద చూపు కిందికి దించండి. కనుబొమ కింది నుంచి మొదలుపెట్టి రెప్ప వెంట్రుకల వైపుకు వేలి మెత్తటి భాగంతో మెల్లగా, ఒకే దిశలో నిమరండి. పది పన్నెండు సార్లు నిమిరాక తెరిచి చూడండి. ఇలా రెండు మూడు విడతలు చేయవచ్చు. ఇది నలపడం కాదు. గుండ్రంగా తిప్పి నలిపితే లెన్స్ చిరుగుతుంది, లేదా ఇంకా పైకి పోతుంది. అలవాటున్నవాళ్లు రెప్పను తిప్పి కూడా చూస్తారు. చూపు కిందికి దించి, పై రెప్ప వెంట్రుకలను పట్టుకుని కొద్దిగా కిందికీ ముందుకీ లాగి, అంచుకు దాదాపు ఒక సెంటీమీటరు పైన ఇంకో చేతి వేలిని ఆనించి రెప్పను దాని మీదుగా వెనక్కి మడవాలి. చూడటం అయ్యాక పైకి చూసి రెప్పార్పితే అదే సర్దుకుంటుంది. మీ అంతట మీకు ఇది కుదరకపోతే పట్టుబట్టకండి. రెప్పను ఒకసారి తిప్పినా పై జేబు అడుగు కనబడదు, దానికి రెప్పను రెండో మడత కూడా వేసి చూసే పరికరం డాక్టర్ దగ్గర ఉంటుంది.

తెల్లగుడ్డు మీద లెన్స్ కనిపించగానే దాన్ని నల్లగుడ్డు మీదకు తేవాల్సిన పని లేదు. సాఫ్ట్ లెన్స్ అయితే ఉన్న చోటే, బాగా తడిపి, వేళ్ల మెత్తటి భాగంతో పట్టి తీసేయండి. దూది పుల్ల, కాగితపు రుమాలు, చిమటా ఇవేవీ కంట్లోకి రాకూడదు. దూది నూగు విడిచిపెడుతుంది, చిమటా గురించి చెప్పనక్కర్లేదు.

చిరిగిన లెన్స్ వచ్చిందా? దాన్ని అరచేతిలో వేసి ఒక చుక్క సెలైన్ వేసి పరచండి. అంచు చుట్టూ వేలితో అనుకుంటూ పూర్తి వలయం ఉందో లేదో చూడండి. ముక్క తగ్గితే అది కంట్లోనే ఉందని భావించి వెతకాలి. చిన్న ముక్క దానంతట అదే కన్నీటితో ముక్కు వైపు మూలకు కొట్టుకొచ్చే అవకాశం ఉంది. ఒక పూట దాటినా గుచ్చుకుంటుంటే చూపించుకోవాలి. పారదర్శకంగా ఉండే ముక్క మామూలు వెలుతురులో దొరకదు. డాక్టర్ ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు చుక్క వేసి నీలి కాంతిలో చూస్తారు. సాఫ్ట్ లెన్స్ ఆ రంగును పీల్చుకుని ఆకుపచ్చగా మెరుస్తుంది, కార్నియా మీద గీత ఉంటే అదీ మెరుస్తుంది. రెండు ప్రశ్నలకూ ఒక్క చుక్కతో జవాబు దొరుకుతుంది. ఆ రంగు పట్టిన లెన్స్ మళ్లీ పనికి రాదు, బాధపడకండి.

గట్టి లెన్స్ వాడేవాళ్లకు

సెమీసాఫ్ట్ అని పిలిచే ఆర్‌జీపీ (గాలి చొరబడే గట్టి రకం) లెన్స్ పద్ధతి వేరు, దాన్ని గిల్లి తీయలేం. వ్యాసం 9, 10 మిల్లీమీటర్లే కాబట్టి సులభంగా పక్కకు జారుతుంది, అంచు గట్టిది కాబట్టి రెప్ప మీద నుంచి నొక్కుతూ కార్నియా మీదుగా ఈడిస్తే గీత పడుతుంది. జారిన లెన్స్ ఎక్కడుందో చూసుకుని, బాగా తడిపి, దాని బయటి అంచు వైపు రెప్ప అంచును వేలితో ఆనించి పట్టుకోండి. ఇప్పుడు చూపును మెల్లగా లెన్స్ ఉన్న వైపుకే తిప్పండి. లెన్స్‌ని కదిలించకుండా నల్లగుడ్డునే దాని కిందకు తెస్తున్నారన్నమాట. తెల్లగుడ్డును పట్టేసి కదలకపోతే, లెన్స్ అంచు పక్కనే తెల్లగుడ్డును కింది రెప్ప అంచుతో కొంచెం నొక్కండి. అంచు కింద కన్నీరు దూరితే పట్టు సడలుతుంది.

లెన్స్‌ని పీల్చి పట్టుకునే చిన్న రబ్బరు ప్లంజర్ ఉంటే దాని కొసను సెలైన్‌తో తడిపి, లెన్స్ కళ్లారా కనిపిస్తున్నప్పుడే వాడాలి. కనబడని లెన్స్ కోసం ప్లంజర్ పెడితే అది కార్నియానే పట్టుకుంటుంది. మామూలు ఆర్‌జీపీకి మధ్యలో ఆనించి, పట్టాక కాస్త వంచి తీయాలి, నేరుగా లాగకూడదు. తెల్లగుడ్డు మీద ఆనే పెద్దవైన స్క్లెరల్ లెన్స్‌లకు మధ్యలో పెడితే పట్టు ఇంకా పెరుగుతుంది, అంచు దగ్గర పెట్టి ఒక వైపు నుంచి లేపాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన వేళ

వెంటనే వెళ్లాల్సిన లక్షణాలివి: నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, కళ్లజోడుతో కూడా పోని మసక, పుసి లేదా చీము, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. తెల్లచుక్క ఉంటే అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి వెళ్లాల్సిందే. లెన్స్ వాడేవాళ్లలో కనిపించే సూడోమోనాస్ బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు. లెన్స్ తీసేశాక గుచ్చుకోవడం కొన్ని గంటల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గకుండా పెరుగుతుంటే లెన్స్ దొరికిందన్న ధీమా పెట్టుకోకండి. ఒకే కన్ను పని చేసేవాళ్లు, ఈ మధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లు ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకుండా వెళ్లాలి.

ఈలోగా మందుల షాపులో అడిగి ఎర్రదనం తగ్గించే చుక్కలు తెచ్చుకోకండి, అవి రోగాన్ని కప్పిపుచ్చుతాయి. పాత చీటీ మీద మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు అంతకన్నా ప్రమాదం, ఇన్ఫెక్షన్ ఉన్న కంట్లో అవి అగ్గికి ఆజ్యమే. కన్నుకు పట్టీ కట్టుకోవద్దు. లెన్స్ వల్ల గీత పడిన కంటికి పట్టీ కడితే బ్యాక్టీరియాకు అనువైన వెచ్చదనం ఇచ్చినట్టవుతుంది. డాక్టర్ కన్ను మొద్దుబారే చుక్క వేసి చూసినప్పుడు నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. ఆ చుక్క ఇంటికి ఇవ్వమని అడగవద్దు, పదేపదే వేస్తే కార్నియా మానదు. గీత మాత్రమే ఉంటే యాంటీబయాటిక్ చుక్కలు ఇస్తారు. చిన్న గీతలు ఒకటి నుంచి మూడు రోజుల్లో పూడుకుంటాయి.

సొల్యూషన్ విషయంలో ఒక జాగ్రత్త. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం సొల్యూషన్ ఉన్నవాళ్లు తొందరలో దాన్నే కంట్లో పోసుకుంటారు. అందులో 3 శాతం పెరాక్సైడ్ ఉంటుంది, కంటికి మంట పుట్టిస్తుంది. ప్రత్యేకమైన కేస్‌లో గంటల తరబడి ఉంచితేనే అది నీరుగా మారుతుంది. అలాంటి సీసాలకు సాధారణంగా ఎర్రమూత ఉంటుంది. మామూలు మల్టీపర్పస్ సొల్యూషన్ అంత ప్రమాదం కాదు. కానీ అది లెన్స్‌ని శుభ్రం చేయడానికి చేసింది, కంట్లో వేసే చుక్కల మందు కాదు. కాబట్టి చిన్న సెలైన్ ట్యూబులు కొన్ని లెన్స్ సామానుతో పాటు ఉంచుకోవడం మేలు.

మళ్లీ లెన్స్ ఎప్పుడు పెట్టుకోవచ్చంటే, ఎరుపూ నొప్పీ లేకుండా లెన్స్ తేలికగా వచ్చేస్తే ఆ రోజంతా కళ్లజోడు పెట్టుకుని, మర్నాడు కొత్త లెన్స్ పెట్టుకోవచ్చు. మీ విషయంలో మాత్రం ఆ తేదీ డాక్టర్ చెప్పాలి. చూసి చెప్పేదాకా కుడికంటికి కూడా లెన్స్ వద్దు. ఇలా పదేపదే అంటుకుపోతుంటే మాత్రం అది నిద్ర ఒక్కదాని తప్పు కాకపోవచ్చు. లెన్స్ వంపు మీ కంటికి బిగువుగా ఉండి ఉండవచ్చు, జలుబుకో ఎలర్జీకో వేసుకునే మాత్రలు కన్నీటిని తగ్గిస్తుండవచ్చు, కంప్యూటర్ ముందు గంటల తరబడి రెప్పార్పడం తగ్గిపోయి ఉండవచ్చు. మొదటిదాన్ని డాక్టర్ మీ కంట్లో లెన్స్ ఉండగా స్లిట్‌ల్యాంప్‌తో (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపు) దాని కదలిక చూసి చెబుతారు. అందుకని తర్వాతిసారి పరీక్షకు వెళ్లేటప్పుడు కన్ను బాగుంటే లెన్స్ పెట్టుకునే వెళ్లండి. నిద్ర సంగతి కూడా తేలిక కాదు: లెన్స్‌తో నిద్రపోతే కార్నియా ఇన్ఫెక్షన్ ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. నిద్ర ముంచుకొస్తుందని తెలిసిన రాత్రి పని మొదలుపెట్టే ముందే తీసేసి కళ్లజోడుతో కూర్చోవచ్చు.

చివరిగా మీరు అడిగిన కుడికంటి లెన్స్. పెట్టె మీద నెల అని రాసి ఉంటే, రోజూ రాత్రి తీసి శుభ్రం చేస్తే నెల అని అర్థం. అది కూడా ఆ రాత్రి మీతో నిద్రపోయింది, పొద్దున కష్టంగా లాగితే వచ్చింది. అంచు ఎక్కడైనా నలిగిందో లేదో కంటికి కనబడదు, పెట్టుకున్నాక కార్నియాకే తెలుస్తుంది. డాక్టర్ చూడటం అయ్యాక దాన్ని పారేయండి, కేస్‌ని కూడా మార్చేయండి. కొత్త కేస్‌కి పాత సొల్యూషన్ మిగులు పోయకుండా, ప్రతి రాత్రీ తాజాగా నింపుకోండి.